చమన్ గల్లీలో కొర్రమట్ట కొలువు

ఫస్లీ 1347లో, అంటే ఇంగ్లీషు లెక్కన 1938 ఎండాకాలానికి కాస్త ముందు, కిషన్‌బాగ్ దగ్గరి చమన్ గల్లీలో ఏడు చేపలకు నౌకరీ దొరికింది. ఇది మాటవరసకు అంటున్నది కాదు. వాటి పేరిట హుకుంనామా తయారైంది, దానిమీద మొహరు పడింది, హాజరీ పట్టీలో ఏడు గళ్లు గీశారు. పరీక్ష తప్పి అరుగులమీద కూర్చున్న మగవాళ్లు అప్పటికి ఆ గల్లీలో పదకొండుమంది ఉన్నారు. తమకు రాని కొలువు చేపలకు వచ్చినందుకు వాళ్లెవరూ కుళ్లుకోలేదు. చేపలకు ఎవరిదో సిఫారసు ఉండి ఉంటుందని సరిపెట్టుకున్నారు.

సంగతేమిటంటే, అంతకు ముందటేడు గత్తర, అదే కలరా, వచ్చి గల్లీలో ముగ్గురు పోయారు. నీళ్లవల్లనే వచ్చిందని హకీం చెప్పాడు. వెంటనే పెద్దలంతా కలిసి ఆబ్-ఎ-సాఫ్ అంజుమన్ పేరుతో శుభ్రమైన నీళ్ల కోసం ఒక సంఘం పెట్టారు. దానికి సదర్‌గా, అంటే అధ్యక్షుడిగా, అమరనాథ్ గారిని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. గల్లీలోని హౌజ్‌కు, అంటే నీళ్ల కుండీకి, నీళ్లు తెచ్చే నాలా పక్కనే, కాస్త ఎగువన, ఆయన రంగుల కార్ఖానా ఉంది. బట్టలకు రంగులద్దగా మిగిలిన నీళ్లన్నీ ఆ నాలాలోకే పోతాయి. గల్లీ నీళ్లమీద ఆయనకున్నంత పట్టు ఇంకెవరికి ఉంటుంది?

అంజుమన్ తొలి జల్సాలో, అంటే సభలో, అమరనాథ్ గారు కుర్చీలోంచి లేచి, శేర్వాణీ గుండీలు సర్దుకుని మాట్లాడారు.

"హజ్రాత్! బొంబాయిల నేను నా కండ్లతోని చూసిన. అద్దాల తొట్టిల చేపలను ఇడిచిండ్రు. ఊరికి పోయే నీళ్లు ముందుగాల ఆ తొట్టిలకెళ్లి పోతయ్. నీళ్లు మంచిగుంటె చేప మంచిగ తిరుగుతది. నీళ్లు ఖరాబైతె చేప తడబడ్తది. డాక్టరు తప్పు చెప్పొచ్చు, కాయితం తప్పు చెప్పొచ్చు. చేప మాత్రం తప్పు చెప్పది!"

చప్పట్లు మోగాయి. నిజానికి అది చాలా మంచి ఆలోచన. అంత మంచి ఆలోచనను పనిచేయకుండా ఆపడానికి అంజుమన్ ఎంత కష్టపడవలసి వచ్చిందో చెప్పడానికే ఈ కథ.

హౌజ్ పక్కన ఒక గది కట్టించారు. అందులో నాలుగు మూరల అద్దాల తొట్టి పెట్టించారు. హౌజ్ నీళ్లు ఒక గొట్టంలోంచి తొట్టిలోకి వచ్చి, రెండో గొట్టంలోంచి గల్లీ నల్లాలకు పోయేటట్టు ఏర్పాటు చేశారు. ఇక చేపలను కనిపెట్టి చూస్తూ, వాటి నడవడిని రోజూ రాసిపెట్టే మనిషి కావలసి వచ్చాడు. తొమ్మిదిమంది వచ్చారు. అందులో ఒకడు చెరువు గట్టుమీదే పుట్టి పెరిగినవాడు, పొలుసు చూసి చేప వయసు చెప్పగలడు. చేతిరాత బాగాలేదని అతన్ని పంపేశారు. చివరికి వైకుంఠాన్ని తీసుకున్నారు.

వైకుంఠం చార్మినార్ దగ్గర ఒక దుకాణం మెట్లమీద కూర్చుని జనానికి దరఖాస్తులు రాసిపెట్టే మున్షీ. నలభై రెండేళ్లవాడు. ఉర్దూ రాస్తే అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. చేపల గురించి అతనికి తెలిసిందల్లా పులుసులో ముల్లు ఎటువైపు ఉంటుందన్నదొక్కటే. అయినా హుకుంనామాలో తన హోదా చూసుకుని ఛాతీ పొంగిపోయింది. నాజిర్-ఎ-మాహియాన్. చేపలమీద అధికారి అని దానర్థం.

ఇంటికొచ్చి భార్య చంద్రమ్మకు ఆ ముక్క రెండుసార్లు చదివి వినిపించాడు.

"చేపల మీద అధికారంటే ఏందయ్యా? అవి నీ మాట ఇంటయా?" అని అడిగింది ఆమె, బియ్యంలో రాళ్లేరుతూ.

"ఇనుడు కాదే. పొద్దుగాలకెళ్లి పొద్దుమూకేదాంక నేను వాటిని చూస్తుండాలె."

"చూసుడు గూడ నౌకరేనా?"

"పెద్ద పెద్ద నౌకరీలన్ని చూసుడేనే" అన్నాడు వైకుంఠం గంభీరంగా. తర్వాతి ఏళ్లలో ఈ కథ తానే నలుగురికీ చెప్పుకునేటప్పుడు, ఆ మాట దగ్గరికి రాగానే అందరికంటే ముందు తానే పగలబడి నవ్వేవాడు.

ఏడు రవ్వ చేపపిల్లలను తెచ్చి ఇచ్చింది బుచ్చమ్మ. ఆమె కార్వాన్ నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చి గల్లీగల్లీ తిరిగి చేపలమ్మే ముసలామె. వైకుంఠానికి అసలు చదువు చెప్పింది ఆమే. ఆ సంగతి అంజుమన్ దస్త్రాల్లో ఎక్కడా కనిపించదు.

"జర ఇటు చూడు నాజర్ సాబ్" అనేది తొట్టి ముందు కూర్చుని. "నీళ్లు మంచిగుంటె చేప నడిమిట్ల ఉంటది, నీళ్లొచ్చే దిక్కు మొకం పెడ్తది. నీళ్లు వేడెక్కినయనుకో, గాలి తక్కువైతది. అప్పుడు మీదికొచ్చి నోరు తెరుస్తది. నీళ్లల్ల మందో మాకో కలిసిందనుకో, ఒంటికి దురద పెట్టినట్టు అద్దానికి రాసుకుంటది, పక్కకు ఒరుగుతది, ఉన్నట్టుండి ఎగిరి దుంకుతది. చేప కడుపుతోని తాగదు బిడ్డా, ఒళ్లంతట తాగుతది. నీకు రేపు తెల్సేది దానికి ఇయ్యాల్నే తెలుస్తది."

వైకుంఠం ఇదంతా ముత్యాల అక్షరాలతో రాసుకున్నాడు. మూడు వారాల్లో, తనకే ఆశ్చర్యం కలిగేటట్టు, పని నేర్చుకున్నాడు. మబ్బు పట్టినరోజు చేపలు ఎలా మందగిస్తాయో, మధ్యాహ్నం ఎండకు నీళ్లు కాగినప్పుడు దవడలు ఎంత వేగంగా ఆడతాయో చూసి గుర్తుపట్టేవాడు. ఏడింటినీ విడివిడిగా పోల్చుకునేవాడు. అన్నం తింటున్నా ధ్యాసంతా తొట్టిమీదే ఉండేది. నలభై రెండేళ్ల జీవితంలో ఒక పనిని ఇంత శ్రద్ధగా చేయడం అతనికదే మొదలు. చేసే పని తెలిసినవాడికి కొలువులో ఎన్ని కష్టాలుంటాయో అతనికి ఇంకా తెలియదు.

ఎండలు ముదిరి నాలాలో నీళ్లు సగానికి తగ్గాయి. ఒక గురువారం పొద్దున వైకుంఠం గది తలుపు తీసేసరికి ఏడు చేపలూ పైన నోళ్లు తెరిచి ఉన్నాయి. రెండు పక్కకు ఒరిగిపోయి అద్దానికి ఒళ్లు రాసుకుంటున్నాయి. శుక్రవారం సాయంత్రానికి కుదుటపడ్డాయి. మరుసటి గురువారం మళ్లీ అదే వరస. ఆపై గురువారమూ అంతే.

బుచ్చమ్మను పిలిచి చూపించాడు. ఆమె తొట్టిలో వేలు ముంచి నాలికమీద పెట్టుకుని, ఉమ్మేసింది.

"బుధారం నాడు ఎగువకు పోయి చూసొచ్చినవా బిడ్డా?"

పోయి చూశాడు. బుధవారం మధ్యాహ్నం అమరనాథ్ గారి కార్ఖానాలో రంగు తొట్లు కడుగుతున్నారు. వారమంతా మరిగిన ఎర్రనీళ్లు, నీలినీళ్లు నాలాలోకి వదులుతున్నారు. వానాకాలమైతే ఆ రంగు వరదలో కలిసి పలచబడేది. ఇప్పుడు నాలాలో పారుతున్నదంతా రంగే.

వైకుంఠం తిరిగొచ్చి నివేదిక రాయడానికి కూర్చున్నాడు. నిజమే రాయాలని గట్టిగా అనుకున్నాడు. మొదటి చిత్తులో "సదర్ గారి కార్ఖానా" అని రాసి కొట్టేశాడు. రెండో చిత్తులో "ఎగువన ఉన్న ఒకానొక కార్ఖానా" అని రాసి కొట్టేశాడు. నాలుగో చిత్తుకు విషయం ఇలా తేలింది: "కొన్ని రంగురంగుల కారణాలవల్ల, బుధవారం తర్వాత గురువారం వస్తున్నందున, చేపలు పైకి వచ్చుచున్నవని సవినయంగా మనవి."

దానిమీద అంజుమన్ అత్యవసరంగా సమావేశమైంది. చేపలు క్రమశిక్షణ తప్పుతున్నాయని ఒక సభ్యుడు అన్నాడు. గురువారం నాడు వాటికేదో మొక్కు ఉండి ఉంటుందని ఇంకొక సభ్యుడు అన్నాడు. అమరనాథ్ గారు అందరినీ చేత్తో వారించి లేచారు.

"దోస్తులారా, ఫికర్ చెయ్యకుండ్రి. చేపలు కిందికి పోతె ఫికర్ చెయ్యాలె. మీదికొస్తున్నయంటె అది తరక్కీ! మన నీళ్లు తాగి చేపలు గూడ పైకొస్తున్నయ్. కాని దఫ్తరు నడిచే టైముల పైకొచ్చుడు, ఇజాజత్ లేకుంట నోర్లు తెరుసుడు కాయిదకు ఖిలాఫ్."

చేపలు పైకి రాకుండా తొట్టిలో, నీళ్లకు రెండు వేళ్ల లోతున, ఇనుప జాలీ బిగించాలని తీర్మానం చేశారు. జాలీని వైకుంఠమే బిగించాడు. పని చక్కగా కుదిరింది.

గురువారం రానే వచ్చింది. చేపలు పైకొచ్చాయి, జాలీకి మూతులు కొట్టుకున్నాయి. వైకుంఠం జాలీమీద చెయ్యేశాడు. ఒక్క గుంజు గుంజితే ఊడి వస్తుంది. అయితే బిగించమన్నది రాతపూర్వకమైన హుకుం, తీయాలన్నా రాతపూర్వకమైన హుకుం ఉండాలి. అందుకని దరఖాస్తు రాసుకుని కార్ఖానాకు పరుగెత్తాడు. సదర్ గారు భోజనం చేసి పడుకున్నారు. లేచేదాకా వసారాలో నిలబడ్డాడు. జాలీ తీయడానికి ఇజాజత్ మొహరుతో సహా నాలుగు గంటలకు చేతికొచ్చింది. చేపలు అప్పటికి రెండు గంటల కిందటే చచ్చాయి.

వైకుంఠం ఇజాజత్ ప్రకారం జాలీ ఊడదీసి, ఏడు చేపలనూ తువ్వాలలో చుట్టి పెరట్లో పూడ్చాడు. ఆ వేళ అతనికి అన్నం దిగలేదు. రిజిస్టరులో మాత్రం "ఏడుగురూ దీర్ఘకాలం సెలవుపై వెళ్లినారు" అని రాశాడు. చచ్చిపోయారని రాస్తే గదిలో మిగిలిన ఒకే ఒక నౌకరు ఇంకెందుకన్న ప్రశ్న వస్తుందని అతని భయం.

ఆ భయంతోనే మరునాడు బుచ్చమ్మ గంప ముందు కూర్చున్నాడు. గంప అడుగున పిడికెడు బురదనీళ్లలో, పొద్దుటినుంచీ ఎండలో ఉన్నా, ఒక కొర్రమట్ట నిమ్మళంగా పడుకుని ఉంది. జానెడున్నర పొడవు, నల్లటి ఒళ్లు.

"ఇది సావదా అవ్వా?"

"దీనికి నీళ్లతోని పనేంది బిడ్డా? మీదికొచ్చి ఇంత గాలి మింగి పోతది. బురదల బతుకుతది, మురికిల బతుకుతది, ఎండిపోయిన కుంటల సుత బతుకుతది. నీళ్లెట్లున్నయని దీన్ని అడిగెటోడు పిచ్చోడు."

వైకుంఠం ఆమె మాటల్లో "బతుకుతది" అన్నంతవరకే విన్నాడు. చివరి వాక్యం చెవిని పడలేదు. అతని తెలివితేటలు అన్నీ ఆ క్షణంలోనే పనిచేశాయని అతనే తర్వాత ఒప్పుకునేవాడు.

అంజుమన్‌కు కొత్త సూచన రాసి పంపాడు. రవ్వలు సున్నితమైన జాతి, కొలువుకు పనికిరావు. అనుభవమూ ఓర్పూ గల కొర్రమట్టను నియమిస్తే పని సాఫీగా సాగుతుందని. అమరనాథ్ గారు ఆ కాగితం చదివి వైకుంఠాన్ని కౌగిలించుకున్నారు. "మున్షీజీ, మీ అసొంటి దిమాగున్న మనిషి ఇన్నొద్దులు మెట్లమీద కూసున్నడంటె గీ షహర్ ఏం బాగుపడ్తది!" అని వాపోయారు. కొర్రమట్ట కొలువులో చేరిన రోజున దానికొక దండ వేశారు. తొట్టిలో వేయడం కుదరక తొట్టికి వేశారు.

కొర్రమట్ట ఉద్యోగధర్మం ఎరిగినది. తొట్టి అడుగున ఒక మూల చూసుకుని పడుకుంది. గురువారాలు నీళ్లు దానిమ్మరసంలా ఎర్రబడేవి, అది కదిలేది కాదు. అప్పుడప్పుడు పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి, తోక ఆడించి వెళ్లిపోయేది. వైకుంఠం దాన్ని "సలాము" అని రాసేవాడు. మిగతా వేళల్లో "ప్రశాంతం" అని రాసేవాడు. నెల తిరిగేసరికి రిజిస్టరులో నూరు ప్రశాంతాలు పోగయ్యాయి. వాటి ఆధారంగా "ఈ హౌజ్ నీళ్లు అత్యంత శ్రేష్ఠమైనవి" అని అంజుమన్ సర్టిఫికెట్ ఇచ్చింది. వైకుంఠం నలభై ప్రతులు స్వయంగా రాసి ఇంటింటికీ పంచాడు. జనం వాటిని అద్దం కట్టించి గోడలకు తగిలించారు.

తగిలించి, ఆ మర్నాటినుంచి ఆడవాళ్లంతా బిందెలు తీసుకుని అర మైలు దూరంలోని శివయ్య తోటకు పోసాగారు. శివయ్య బర్రెలు పెట్టుకుని పాలమ్ముకునే మనిషి. అతని తోటలో ఒక మంచి బావి ఉంది. కొర్రమట్ట సంగతి బుచ్చమ్మ చేపలమ్ముతూ ప్రతి గడపలోనూ చెప్పేసింది. గల్లీలో అందరికీ తెలిసిన ఆ సంగతిని వైకుంఠానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. నాజిర్ సాబ్‌కు ఎదురుపడి చెప్పడం మర్యాద కాదని ఊరుకున్నారు.

ఒకనాడు చంద్రమ్మ కూడా బిందె ఎత్తుకోబోయింది.

"అందరు శివయ్య బాయికి పోతున్నరయ్యా. నేనుసుత పోయొస్త."

"నాజిర్ ఇంట్ల బాయినీళ్లా? రేపు సదర్ సాబ్‌కు తెలిస్తె నా మొకం ఏడ పెట్టుకోను?" అని వైకుంఠం గర్జించాడు. గోడమీది సర్టిఫికెట్ తీసి చదివి వినిపించాడు కూడా. చంద్రమ్మ బిందె దించి నల్లా కింద పెట్టింది.

పన్నెండు రోజులకు ఆమెకు వాంతులు పట్టుకున్నాయి. రెండో రోజుకు కళ్లు లోతుకు పోయాయి, కాళ్లు చల్లబడ్డాయి, లేచి కూర్చోలేకపోయింది. గత్తరేమోనని వైకుంఠం హకీంకు కబురు పంపాడు. పక్కింటి ఆగమ్మ పరుగున వచ్చి, చెంబులో నీళ్ల వాసన చూసి, నోటిమీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, మీరు గీ నీళ్లే తాగుతున్నరా?"

"సర్టిఫికెట్ ఉంది గద ఆగమ్మా" అన్నాడు వైకుంఠం నీరసంగా.

"అది గోడకు తలిగేసేటందుకయ్యా! దాన్ని నమ్మి తాగుతరా ఎవలన్న?"

అప్పుడు తెలిసింది. నలభై ఇళ్ల గల్లీలో ఆ సర్టిఫికెట్‌ను నమ్మినవాడు ఒకే ఒక్కడు. దాన్ని రాసినవాడు.

శివయ్య తానే కావడి వేసుకుని బావినీళ్లు తెచ్చి పోశాడు. హకీం మందు ఇచ్చాడు. ఆగమ్మ గంజి కాచి చెంచాతో పట్టింది. వైకుంఠం మూడు రోజులు మంచం పక్కనుంచి కదలలేదు. నాలుగో రోజు చంద్రమ్మ కళ్లు తెరిచి అతన్ని చాలాసేపు చూసింది.

"చేప సావలేదు, అందుకని నీళ్లు మంచియని రాసినవ్" అంది సన్నగా. "నేను సావలేదు. ఇప్పుడేమని రాస్తవ్?"

ఎన్ని వేల దరఖాస్తులో రాసిన చేయి. దానితోనే గోడమీది సర్టిఫికెట్ దించి బోర్లా పెట్టాడు.

ఈసారి నిజం చెప్పి తీరాలనుకున్నాడు వైకుంఠం. పది రోజుల్లో అంజుమన్ సాలీనా జల్సా ఉంది. సర్కారులో పెద్ద హోదాగల అతిథి ఒకాయన రాబోతున్నాడు. అందరి ముందూ తొట్టిలో సున్నితమైన చేపలు వదిలితే, చూసేవాళ్లకే తెలిసిపోతుంది. బుచ్చమ్మను పన్నెండు పరకలు తెచ్చిపెట్టమన్నాడు. వేలెడంత ఉండే వెండి చేపలవి.

"వేరే గాజుబుడ్డిల హౌజ్ నీళ్లు పోసి అండ్ల ఇడువు బిడ్డా" అంది ఆమె.

"ఇంతమంది జనం కూసుంటరు అవ్వా. బుడ్డి ఎనకటోళ్లకు కనపడది. పెద్ద తొట్టిల్నే ఇడుస్త."

బుచ్చమ్మ ఏదో అనబోయి, నాజిర్ సాబ్‌కు ఇంతకాలానికి ఈపాటి తెలియకపోతుందా అని ఊరుకుంది.

జల్సా గురువారం పొద్దున్నే జరిగింది. షామియానా వేశారు. నీళ్లు ఆ రోజు కాస్త ఎక్కువ ఎర్రగా ఉంటే, అతిథిగారి గౌరవార్థం గులాబీ అత్తరు కలిపారని ఎవరో చెప్పారు. అమరనాథ్ గారి ఉపన్యాసం ముగిసి, నాజిర్ నాలుగు ముక్కలు మాట్లాడాలని పిలిచారు. వైకుంఠం లేచాడు.

"హుజూర్, మాఫ్ చెయ్యాలె. ఇన్ని దినాలు నేను రాసింది తప్పు. కొర్రమట్ట ఎసొంటి నీళ్లల్లనైనా బతుకుతది. అసలు సంగతి ఏందో గీ పరకలు చెప్తయ్, చూడుండ్రి."

కుండలోని పన్నెండు పరకలనూ తొట్టిలో వంచాడు. అవి ఒక్కసారిగా చెదిరిపోయాయి, గిరగిరా తిరిగాయి, పక్కకు ఒరిగాయి, అద్దానికి కొట్టుకున్నాయి. జనంలోంచి "అరెరే" అన్న మాట లేచింది. వైకుంఠం రొమ్ము ఉప్పొంగింది. సరిగ్గా అప్పుడే, ఇన్నాళ్లూ గాలి మింగడానికి తప్ప కదలని కొర్రమట్ట కదిలింది.

కొర్రమట్ట చిన్నచేపలను తింటుందన్న సంగతి గల్లీలో ప్రతివాడికీ తెలుసు. చేపలమీద అధికారికి ఒక్కడికే తట్టలేదు. రెండు నిమిషాల్లో అది ఆరు పరకలను మింగేసింది. సాక్ష్యంలో సగం నిందితుడి కడుపులోకి పోయింది. జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. మిగతా ఆరూ కాసేపటికి వెల్లకిలా తేలాయి. అప్పుడు మాత్రం అందరూ అతిథిగారివైపు తిరిగారు.

అతిథిగారు కళ్లద్దాలు సవరించుకుని, తేలిన చేపలవైపు చూశారు.

"ఇవి ముల్కీ చేపలేనా?" అని అడిగారు.

ఆ రోజుల్లో నౌకరీ కావాలంటే ఈ రాజ్యంలోనే పుట్టినట్టు ముల్కీ సర్టిఫికెట్ చూపించాలి. చచ్చిన ఆరింటిలో ఒక్కటి కూడా దాన్ని దాఖలు చేయలేకపోయింది. అమరనాథ్ గారి ముఖం వికసించింది.

"అదీ సంగతి! గైర్‌ముల్కీ చేపలు హజ్రాత్, ఏడికెళ్లి వచ్చినయో ఏమో! మన నీళ్లు వాటికెట్ల పడ్తయ్? మన కొర్రమట్టను చూడుండ్రి. మన నీళ్లు తాగి ఎంత తాకత్‌గ ఉంది, ఎంత చురుకుగ ఉంది!"

షామియానా దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. వైకుంఠం జనంవైపు చూశాడు. పొద్దున్నే శివయ్య బావినుంచి బిందెలు మోసుకొచ్చిన ఆడవాళ్లు, ఆ నీళ్లు తాగి వచ్చిన మగవాళ్లు, అందరూ కొడుతున్నారు. ఆగమ్మ కూడా కొడుతోంది. అతన్ని చూసి కాస్త సిగ్గుపడింది గానీ ఆపలేదు.

జల్సా అయ్యాక గల్లీ మగవాళ్లు నలుగురు ఇంటిముందుకొచ్చారు.

"ఏందన్నా గిట్ల లొల్లి చేసినవ్? గల్లీ ఇజ్జత్ అంత తీసినవ్. నీళ్లు మంచిగ లెవ్వని మాకు తెల్వదా? అందరికి తెలిసిందాన్ని మల్ల సర్కారోళ్ల ముంగట చెప్పుడెందుకు?"

"తెలిస్తె మీరేంటికి అడగరు మరి?"

"అడుగుతె మస్తు తక్లీఫ్ అన్నా. బాయి ఉంది గద" అన్నారు వాళ్లు, ఎంతో ఓపికగా.

వైకుంఠం లోపలికొచ్చి రాజీనామా రాయడానికి కూర్చున్నాడు. ఆవేశంతో మొదలైన ఆ కాగితం మూడో వాక్యంలో మెత్తబడింది, ఐదో వాక్యంలో వంగింది, కింద సంతకం పెట్టేసరికి మాఫీనామా అయి కూర్చుంది. "గైర్‌ముల్కీ చేపల మాటలు నమ్మి మోసపోయిన దాసుణ్ణి క్షమించగలరు" అని దాని ముగింపు. చదివి వినిపిస్తే, అప్పుడప్పుడే కోలుకుంటున్న చంద్రమ్మ గోడకానుకుని నవ్వింది. ఆ నవ్వు ఆగక దగ్గు వచ్చింది. అతనూ నవ్వాడు. ఆమె నీళ్లు తాగి చెంబు పక్కన పెట్టాక, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

అంజుమన్ పెద్దమనసుతో క్షమించింది. మర్నాటినుంచి చంద్రమ్మ శివయ్య బావికి పోయింది. వైకుంఠం రిజిస్టరులో "ప్రశాంతం" రాశాడు.

వానలు పడి వెలిశాక, కార్వాన్ అవతలి ఒక మొహల్లానుంచి ఐదారుగురు పెద్దలు ఈ ఏర్పాటు చూడడానికి వచ్చారు. చమన్ గల్లీ పేరు అంత దూరం పాకింది. తొట్టి చూశారు, కొర్రమట్టను చూశారు, రిజిస్టరు తిరగేసి దస్తూరీకి మురిసిపోయారు. నడిచి వచ్చిన బడలికలో మంచినీళ్లు అడిగారు. అమరనాథ్ గారు వైకుంఠంవైపు కనుసైగ చేశారు. వైకుంఠం తన కోసం ఇంటినుంచి తెచ్చుకున్న కూజాలోంచి గ్లాసుల్లో పోసి ఇచ్చాడు.

"వాహ్, ఎంత తియ్యగున్నయి!" అన్నారు వాళ్లు.

అందరూ బయటికి నడుస్తుంటే వాళ్లలో అందరికంటే పెద్దవాడు, మొగులయ్య అనే ఆయన, వెనక్కి వచ్చి వైకుంఠం చెయ్యి పట్టుకున్నాడు. "బిడ్డా, మా మొహల్లాల పోయినేడు గత్తరకు తొమ్మిదిమంది పోయిండ్రు. అండ్ల నా మనుమరాలు ఉంది. జర నిజం చెప్పు. గీ నీళ్లు గీ హౌజ్‌వేనా?"

వైకుంఠం నోరు తెరిచాడు. గుమ్మం బయట అమరనాథ్ గారు చేతికర్ర తిప్పుకుంటూ నిలబడి ఉన్నారు.

"హౌజ్‌వే బాపు" అన్నాడు వైకుంఠం.

ముసలాయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి వెళ్లిపోయాడు. దసరా దాటకముందే ఆ మొహల్లాలో కూడా ఒక కొర్రమట్ట కొలువులో చేరింది.

తర్వాతి ఏళ్లలో వైకుంఠం ఈ కథను ఎంతోమందికి చెప్పాడు. జాలీ దగ్గర, మాఫీనామా దగ్గర, పరకల దగ్గర తనమీద తానే నవ్వి అందరినీ నవ్వించేవాడు. ఈ ముసలాయన దగ్గరికి వచ్చేసరికి మాత్రం వినేవాళ్లు నవ్వు ఆపి అతన్ని నానా మాటలూ అనేవాళ్లు. అన్నంతసేపూ తలవంచుకుని విని, "మరి మీరైతే ఏం చెప్తుండె?" అని అడిగేవాడు. అప్పుడు వాళ్లు ఎండ ఎక్కువగా ఉందని, గొంతు ఆరిపోతోందని, కాసిని మంచినీళ్లిప్పించమని అడిగేవాళ్లు. అతను లోపలికి వెళ్లి చెంబుతో తెచ్చి ఇచ్చేవాడు. వాళ్లు గటగటా తాగేసి మూతి తుడుచుకునేవాళ్లు.

ఎక్కడి నీళ్లని ఒక్కరు కూడా అడగలేదు.